కరెంటా, తైలమా, నడకా, బరువా: మోకాళ్ళకి ఏది మేలు?

కోనసీమలో మోకాళ్ళ నొప్పులతో వచ్చేవాళ్ళు కుర్చీలో కూర్చుంటూనే అనే మాట ఒకటుంది: "గుజ్జు అరిగిపోయిందంటండి." ఎక్స్‌రే చూసి ఎవరో అలా అని ఉంటారు. ఇక అప్పట్నుంచి మోకాలంటే అరిగిన బండి టైరే. ఎంత తక్కువ తిప్పితే అన్నాళ్ళు వస్తుందని మంచం దిగరు. ఇంట్లో తైలం రాయించుకుంటారు, నా దగ్గరికొచ్చి కరెంటు పెట్టమంటారు. కాస్త ఓపికున్నవాళ్ళు పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తారు. బరువులెత్తండి అంటే మాత్రం "ఈ వయసులోనాండీ!" అని నవ్వేస్తారు. ఫిజియోథెరపిస్టుగా నన్నడిగితే, ఆ నవ్వేసినదానికే మొదటి మార్కు.

కరెంటు సంగతి త్వరగా తేల్చేస్తాను. ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండు, టెన్స్ అని నొప్పికి పెట్టే మిషన్లున్నాయి, ఏది పెట్టినా జనం నోట్లో కరెంటే. కాసేపు జివ్వుమంటుంది, హాయిగా ఉంటుంది. కానీ కీళ్ళ అరుగుదలకి ఇవి పనికొస్తాయనడానికి తగిన ఆధారం లేదు, ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో తేల్చేసింది. అందులోనే, కీళ్ళ అరుగుదల ఉన్న అందరికీ వ్యాయామం చెప్పమంది. మొదట్లో కాస్త నొప్పి పెరగొచ్చని ముందే చెప్పమని కూడా రాసింది. నా గదిలో మిషను ఇంకా ఉంది. కాలు కదపడానికే భయపడిపోయేవాళ్ళకి, ధైర్యం రావడానికి, ఒకటి రెండు రోజులు పెడతాను. అంతకుమించి పెడితే అది నా గది అద్దె కోసమే.

తైలం మీద నాకంత కోపం లేదు. పట్టేసిన కండరం వేడికీ ఒత్తిడికీ వదులవుతుంది, మనిషి ఆ రాత్రి నిద్రపోతుంది. నూనె చర్మం దాటి కీలు లోపలికి వెళ్ళి గుజ్జు పెంచదు, అంతే. చేతివైద్యాన్ని వ్యాయామంతో జోడిస్తేనే ఆలోచించమని పై మార్గదర్శకమే అంటుంది. నిజానికి నా చెయ్యి వైద్యం కన్నా పరీక్షకే ఎక్కువ పనికొస్తుంది. రోగిని బల్లమీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందకి నొక్కమంటాను. మోకాలిచిప్పకి లోపలి వైపు, కొంచెం పైన, కన్నీటిబొట్టు ఆకారంలో ఒక కండ పైకి లేవాలి. చాలామందికి అక్కడ గుంట ఉంటుంది. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి వేలితో తడిమి చూడమంటే, తేడా వాళ్ళకే తెలుస్తుంది. ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి గానీ ఈ గుంట కనిపించదు.

నడక మంచిదే. షుగరుకి, గుండెకి, మనసుకి దానికి సాటి లేదు. కానీ మన డెల్టా నేల బల్లపరుపు. ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా కాళ్ళకి కష్టం తెలిసేంత ఎత్తు ఎక్కడా తగలదు. గట్టు మీద గంట నడిచినావిడే పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకుంటుంది. చదును నేల మీద నడిస్తే తొడ కండరానికి పడే పని చాలా తక్కువ. అదే మెట్టెక్కితే మోకాలిచిప్ప వెనక ఒంటి బరువుకి సుమారు మూడింతల భారం పడుతుంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన మాట అందరికీ తెలుసు. అదే పత్రంలో వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని చెయ్యాలనీ ఉంది. ఆ సగం ఎవరి చెవికీ ఎక్కలేదు.

బరువు దగ్గరికొస్తే, ముందు గుజ్జు సంగతి. ఎముకల చివర్ల ఉండే ఆ మృదులాస్థికి రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవమే దానికి తిండి. ఆ ద్రవం లోపలికీ బయటికీ ఆడాలంటే కీలు మీద బరువు పడాలి, తియ్యాలి, మళ్ళీ పడాలి. మంచం మీద దాచుకున్న మోకాలికి ఆ తిండి సరిగ్గా అందదు. ఇక తొడ ముందుభాగంలో నాలుగు కండరాలు ఒకే తాడుగా కలిసి మోకాలిచిప్పని పట్టుకుని ఉంటాయి. అవి చిక్కిపోతే దెబ్బంతా కీలు మీదే పడుతుంది. 1945లోనే డెలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులకి క్రమంగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించి ఆ ఫలితాలు అచ్చువేశాడు. వయసు అడ్డమనుకుంటే, 1990లో బోస్టన్‌లో తొంభయ్యేళ్ళ వృద్ధులతో ఎనిమిది వారాలు కాళ్ళకి గట్టి బరువులే ఎత్తించారు. వాళ్ళ కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది.

ఇంత చెప్పినా మా దగ్గర ఒక ప్రశ్న మిగులుతుంది. "ఆయ్, పొలంలోనే పుట్టి పొలంలోనే పెరిగినోళ్ళం, మాకింకా వ్యాయామమేటండీ?" న్యాయమైన ప్రశ్న. నాట్లేసే ఆడవాళ్ళని చూడండి. నడుం పూర్తిగా వంచి గంటల తరబడి బురదలో వెనక్కి జరుగుతారు. మనిషి ఒక హద్దు దాటి వంగితే వెన్ను కండరాలు దాదాపు పని మానేస్తాయి, బరువంతా ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్ల మీద వేలాడుతుంది. ఫ్లాయిడ్, సిల్వర్ అనే ఇద్దరు 1950లలోనే కండరాల్లోని విద్యుత్తు కొలిచి చూపించారు. అంటే ఏళ్ళ తరబడి నడుం విరిగేలా చేసినా ఆ నడుముకి బలం రాలేదు, అలుపే వచ్చింది. కొబ్బరి ఒలుపు పనివాళ్ళదీ ఇంకో రకం ఇదే కథ: గునపం మీద కాయ దింపి అదే వైపు తిప్పీ తిప్పీ చేతులు ఉక్కులా ఉంటాయి, రెండోవైపు తిరగమంటే నడుం ఒప్పుకోదు. నరసాపురం వైపు లేసు అల్లేవాళ్ళకయితే కూర్చోవడమే పని. పని మనకి కావలసింది ఇవ్వదు, తనకి కావలసింది తీసుకుంటుంది. వ్యాయామంలో ఏ కండకి ఎంత, ఎన్నిసార్లు, ఎప్పుడు ఆపాలి అన్నది మన చేతిలో ఉంటుంది.

అంటే జిమ్ముకి పొమ్మని కాదు. చేతుల్లేని కుర్చీ గోడకానించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేచి కూర్చోవడం. పది తేలికగా వస్తే రెండు లీటర్ల నీళ్ళ సీసా గుండెకి హత్తుకుని అదే పని. అదీ తేలికయితే అయిదు కిలోల బియ్యం సంచి. ఆఖరి రెండు సార్లు ముక్కుతూ లెయ్యాలి, లేకపోతే బరువు చాలనట్టే. రోజు విడిచి రోజు చాలు. మర్నాటికి నొప్పి మామూలుకి వచ్చేస్తే భయం లేదు.

కండకి తిండి కూడా కావాలి. పెద్దవాళ్ళకి కిలో ఒంటి బరువుకి రోజుకి ఒక గ్రాము పైన ప్రోటీను ఉండాలి. భీమవరం చుట్టూ చెరువుల్లో పెంచే రొయ్యలు సముద్రాలు దాటి వెళ్తాయి. మన ముసలమ్మల కంచంలో అన్నమూ చారూ మిగులుతాయి.

మోకాలు వేడెక్కి, వాచి, జ్వరమొచ్చినా, పడ్డాక కాలు మోపలేకపోయినా, నడుంనొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి మూత్రం మీద పట్టు తప్పినా, ఇవేవీ వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మిగతావాళ్ళకి నేను చెప్పేది వృత్తికి నష్టమైన మాటే. కరెంటు పెడితే మనిషి నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. కుర్చీ నేర్పితే కొన్నాళ్ళకి రావడం మానేస్తుంది, సంతలో కనిపించి "బావున్నానండి" అంటుంది. నేను చదివింది ఆ రెండోదాని కోసం. పది సిట్టింగులకని డబ్బు తెచ్చినవాళ్ళతో, నేర్చుకోవడానికి నాలుగు చాలు, మిగతాది గుడ్లకి పెట్టుకోండి అంటాను.