వాకరా, చెక్కబండా, ఉత్తి నేలా?

మా చెల్లెలి కొడుక్కి పదిహేనో నెల దాటినా అడుగు పడలేదు. అడుగులకు అరిసెలు వండాలని బెల్లం తెప్పించుకున్న మా అమ్మకు ఒకటే టెన్షన్. మరిదిగారు పర్లాకిమిడి బజారు నుంచి వాకర్ తెచ్చారు. అమ్మ అటక మీద నుంచి పాత మూడు చక్రాల చెక్కబండి దింపించింది.

వాకర్ వద్దన్నాను, ఇప్పటికీ వద్దనే అంటాను. అందులో పిల్లాడి బరువు సీటు మోస్తుంది; వాడు మునివేళ్లతో నేలను తన్నుతాడంతే. నిలదొక్కుకోవడం, పడబోయి సర్దుకోవడం ఎలా వస్తాయి? నడక ఇంకా వెనకబడవచ్చు కూడా. పైగా కన్ను మూసి తెరిచేలోగా మెట్ల దగ్గరో, పొయ్యి దగ్గరో ఉంటాడు. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం.

చెక్కబండి నయం, బరువు కాళ్ల మీదే ఉంటుంది కాబట్టి. తనంతట తాను లేచి నిలబడే పిల్లలకే అది. పక్కన మనిషి ఉండాలి.

నా ఓటు మాత్రం నేలకే. వట్టికాళ్లతో వదిలేస్తే మంచం పట్టె పట్టుకుని పక్కపక్కకు నడుస్తూ కాళ్లు గట్టిపరుచుకుంటారు.

అసలు ఆలోచించాల్సింది ఇంకొకటుంది: ఆగడమా, డాక్టరుకు చూపించడమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు దాదాపు 8 నుంచి 18 నెలల లోపు ఎప్పుడైనా నడవవచ్చు. నెలలు తక్కువ పుట్టినవాళ్లకు కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్క కట్టాలి. పద్దెనిమిది దాటితే ఇక ఆగకూడదు. "మగ గుంటడు కదా, నెమ్మదిగా నడుస్తాడులే" అనే మాట నాకు భయం. మగపిల్లల్లో ఎక్కువగా వచ్చే డుషేన్ కండరాల జబ్బుకు నడక ఆలస్యం ఒక గుర్తు కావచ్చు. సీకే అనే రక్తపరీక్షతో ఆ జబ్బును అనుమానించాలో లేదో తెలుస్తుంది. నడకను వెనక్కి లాగే థైరాయిడ్ లోపం, డి విటమిన్ లోపం, తుంటి కీలు జారడం లాంటివి ముందే పట్టుకుంటే వైద్యం సులువు.

పది నెలలకూ కూర్చోలేకపోయినా, ఒకవైపు చెయ్యి, కాలే వాడుతున్నా, ఒళ్లు బిగుసుకున్నా, వేలాడినా, వచ్చిన పని మరిచినా పద్దెనిమిది దాకా కూడా ఆగవద్దు.

ముందు అంగన్‌వాడీ దీదీకి చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్ష ఉచితం. పెద్దాసుపత్రి కావాలంటే బ్రహ్మపురంలో ఎంకేసీజీ ఉంది. ఒడిశాలో ఉంటూ ఒడియా తడబడే మనలాంటి తెలుగువాళ్లు పిల్లాడు పాకేది, లేచేది ఫోన్‌లో వీడియో తీసి పట్టుకెళ్తే సగం మాటలు అదే చెబుతుంది.

మావాడికి వచ్చే నెల పద్దెనిమిది నిండుతాయి. మంచం పట్టె పట్టుకుని తిరుగుతున్నాడు, చెయ్యి ఇంకా వదలలేదు. అప్పటికీ వదలకపోతే వెళ్తాం. వీడియో తీసి ఉంచాను.