మెట్రో పైన వెళ్తే మేలా, కింద వెళ్తే మేలా?

మెట్రో గురించి రాసిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటుంది: "రోడ్డు మధ్యలో ఇన్ని పిల్లర్లు లేపే బదులు మొత్తం అండర్‌గ్రౌండ్‌లోనే వేయొచ్చు కదా?" అడగాల్సిన ప్రశ్నే. నా మొగ్గు మాత్రం ఎలివేటెడ్ వైపు, అంటే పిల్లర్ల మీద వెళ్లే లైను వైపు.

అలాగని అండర్‌గ్రౌండ్‌ను తక్కువ చేయలేం. పైన వేసే లైను సాధారణంగా రోడ్డు ఎటు తిరిగితే అటే తిరగాలి. మలుపు మరీ బిగుతుగా ఉంటే రైలు వేగం తగ్గించుకోక తప్పదు. సొరంగానికి ఆ ఇబ్బంది తక్కువ. ఇళ్ల కిందుగా పోతుంది, నది కిందుగానూ పోతుంది. కోల్‌కతాలో 2024 నుంచి మెట్రో రైళ్లు హుగ్లీ నది కింద నడుస్తున్నాయి. ఇంటి కిటికీ పక్కన రైలు మోత ఉండదు, రోడ్డు మీద వెలుతురు తగ్గదు.

అయినా నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే. ఉన్న డబ్బుతో ఎంత దూరం లైను వస్తుంది? సొరంగం దారికి ఎలివేటెడ్ కంటే సుమారు రెండు మూడు రెట్లు ఖర్చవుతుంది. అందులో స్టేషన్లకే చాలా పోతుంది. లోతుగా తవ్వాలి, నీరు ఊరకుండా గోడలు కట్టాలి, గాలికీ పొగకీ ఫ్యాన్లు పెట్టాలి, నీళ్లు తోడే పంపులు పెట్టాలి. పట్టపగలు కూడా లైట్లు వెలగాలి. లైను నడిచినన్నాళ్లూ ఈ కరెంటు బిల్లు తప్పదు.

దూరం ఎందుకంత ముఖ్యమంటే, 10 స్టేషన్లున్న లైనులో రెండేసి స్టేషన్ల మధ్య 45 జతల ప్రయాణాలు వీలవుతాయి. అవే 20 స్టేషన్లయితే 190. స్టేషన్లు రెట్టింపయితే జనానికి వీలయ్యే ప్రయాణాలు నాలుగింతలు దాటుతున్నాయి. నగరంలో ఒక మూల అందమైన సొరంగం ఉండి మిగతా వైపులకు ఏమీ లేకపోతే, బండి ఇంట్లో వదిలి వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు?

లోతు సంగతి కూడా చూడాలి. ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని ఆర్సెనల్నా మెట్రో స్టేషన్ భూమికి 105 మీటర్ల కింద ఉంది. అక్కడ ఎస్కలేటర్ల మీదే నిమిషాలు గడిచిపోతాయి. హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో 1896లో మొదలైన మెట్రో లైను రోడ్డుకు కాస్త కిందే ఉంటుంది కాబట్టి కొన్ని మెట్లు దిగితే ప్లాట్‌ఫాం వచ్చేస్తుంది. కింద వేయక తప్పకపోతే ఇలా ఎక్కువ లోతుకు పోకుండా వేయడమే నయం.

తప్పని చోట్లూ ఉన్నాయి. ఢిల్లీ మెట్రో 2002లో నేల మీద, పిల్లర్ల మీద మొదలైంది. పాత ఢిల్లీ ఇరుకు వీధుల దగ్గరికి వచ్చేసరికి చావ్‌డీ బజార్ కిందుగా సొరంగంలో వెళ్లింది. అక్కడ పిల్లరు దించే చోటే లేదు. వెడల్పు రోడ్డున్నంత వరకు పైన, ఇరుకు చోట కింద అనే ఆ పద్ధతే నాకు సరైనదనిపిస్తుంది.

నేల మీద వేయడం అన్నిటికంటే చవక. కానీ రెండు వైపులా కంచె కట్టాలి, ఊరు రెండు ముక్కలవుతుంది. శివార్లకు సరిపోతుంది.

ఎలివేటెడ్ అన్నప్పుడు నేను పట్టుబట్టేవి కొన్నున్నాయి. శబ్దాన్ని ఆపే గోడలు ఉండాలి. ప్రతి స్టేషన్‌కూ రోడ్డుకు రెండు వైపులా లిఫ్టు ఉండాలి. మెట్లు ఫుట్‌పాత్‌ను మింగేయకూడదు. వీటిలో కోత పెడితే జనం కోపం పిల్లర్ల మీదికే మళ్లుతుంది. సొరంగం మానుకుని మిగిల్చిన డబ్బు తర్వాతి లైనుకే వెళ్లాలని కూడా మొదటి ప్లాన్‌లోనే రాసిపెట్టాలి.