కుర్రాడితో ముందే సంతకమా, ఫ్రీ ఏజెన్సీ దాకా ఆగడమా?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆరేళ్ల సర్వీసు నిండితే ఆటగాడు ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుతోనైనా ఒప్పందం చేసుకోగలిగినవాడు) అవుతాడు. ఈలోపు ఏం చేయాలన్నదే ఆఫ్‌సీజన్‌లో జట్ల టెన్షన్.

ఖర్చు: ముందే అయితే చవక. 2019లో అట్లాంటా బ్రేవ్స్ జట్టు 21 ఏళ్ల రోనాల్డ్ అకున్యాతో 8 ఏళ్లకు 10 కోట్ల డాలర్లకే ఒప్పందం కుదుర్చుకుంది. ఆగితే? 2022 సీజన్‌కు ముందు న్యూయార్క్ యాంకీస్ జట్టు ఇస్తామన్న 7 ఏళ్ల, 21.35 కోట్ల డాలర్ల ఒప్పందాన్ని వాళ్ల ఆటగాడు ఏరన్ జడ్జ్ కాదన్నాడు. ఆ ఏడాది 62 హోమ్ రన్‌లు బాదాడు. చివరికి 9 ఏళ్లకు 36 కోట్ల డాలర్లు యాంకీస్ ఇవ్వాల్సి వచ్చింది.

రిస్క్: ముందే ఇస్తే గాయాల భారం జట్టుదే. అకున్యాకు 2021లో ఒక మోకాలు, 2024లో రెండోది దెబ్బతిన్నాయి. మధ్యలో 2023లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డు! నా దృష్టిలో అది ఇప్పటికీ బంగారంలాంటి బేరమే.

శ్రమ: ఆగితే ఏజెంట్లతో బేరాలు, పక్క జట్ల పోటీ.

బడ్జెట్ తక్కువై, కుర్రాడి సత్తా తేలిపోతే ముందే సంతకం. ఆట ఇంకా కుదురుకోకపోతే ఆగడం మేలు. యాంకీస్‌లా డబ్బున్న జట్టు ఆలస్యాన్ని తట్టుకోగలదు.