డాబా మీది సోలార్ హీటర్, బోరు నీళ్లు, కోతులు: పదేళ్ల వాడకం తర్వాత

హన్మకొండలో మా డాబా మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్‌ని 2014 బతుకమ్మ పండుగ ముందు బిగించాం. గాజు గొట్టాల రకం, మొత్తం 20 గొట్టాలు. ఇంట్లో ఐదుగురం. పదేళ్లలో పాత గీజర్ స్విచ్ వేసింది వానాకాలం ముసురు పట్టినప్పుడే.

ఎండతో నాకు పేచీ లేదు. డిసెంబరులో కూడా మంచు విడిచి ఎండ పడితే చాలు, సాయంత్రానికి ట్యాంకు కాగుతుంది. కాకపోతే రాత్రి ఇద్దరు స్నానం చేశారంటే పొద్దున లేచేవాళ్లకు గోరువెచ్చనివే మిగులుతాయి. మే నెలలో అయితే భయమే. మొదటి ఎండాకాలం అత్తమ్మ కుళాయి తిప్పి చెయ్యి వెనక్కి లాక్కుంది. "బిడ్డా, ఇవి తానానికి కాదు, కోడి బొచ్చు పీకనీకి అక్కరకొస్తయ్" అంది.

200 లీటర్లను 35 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు 8 యూనిట్ల కరెంటు కావాలి. మేం రోజూ ట్యాంకు మొత్తం వాడం కాబట్టి అంతా మిగిలిందని చెప్పను గానీ, చలికాలం బిల్లులో తేడా బాగానే కనబడింది.

ఏడిపించినవి బోరు నీళ్లు. మా బోరు నీళ్లలో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. అమ్మినవాళ్లు గొట్టాల గురించి గంటసేపు చెప్పారు, మీ నీళ్లెలాంటివని ఒక్క ముక్క అడగలేదు. మూడో ఏడు వేడి తగ్గుతూ వచ్చింది, షవర్ రంధ్రాలు పూడాయి. ప్లంబర్ ఒక గొట్టం ఊడదీసి బోర్లిస్తే గుడ్డు పెంకుల్లాంటి తెల్ల పెచ్చులు గుప్పెడు రాలాయి. నీళ్లలో కరిగి ఉన్న సున్నం వేడికి ఇలా విడిపోయి అడుగున పేరుకుంటుందట. రాగి గొట్టాల పలక రకానికి ఈ బెడద ఇంకా ఎక్కువ, అందులో దారులు సన్నం. అప్పటి నుంచి హీటర్‌కు విడిగా చిన్న ట్యాంకు పెట్టి నల్లా నీళ్లే పడుతున్నాం. ముందే చేయాల్సిన పని.

ఇక కోతులు. 2019లో ఓ రాత్రి గొట్టాల మీదికి దూకాయి. పగిలింది ఒక్క గొట్టమే అయినా దాని గుండా ట్యాంకు మొత్తం ఖాళీ. కొత్తది నేనే ఎక్కించాను. రబ్బరు రింగుకు సబ్బు నీళ్లు రాసి, మెల్లగా తిప్పుతూ పైకి నెట్టి, కింది కొసను స్టాండుకుండే గిన్నెలో కూర్చోబెట్టాలి. ఈ పని తెల్లవారకముందే చేసుకోవాలి. ఎండకు కాలిన ఖాళీ గొట్టంలో చన్నీళ్లు పడితే ఠప్పున పగులుతుంది. గొట్టం అడుగున మెరిసే వెండి మచ్చ పాలలా తెల్లబడితే దాని రెండు గాజు పొరల మధ్య వాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోయినట్టే, అదీ మార్చాల్సిందే.

ఇంకో విసుగు, కింది బాత్రూంకు వేడి నీళ్లు రావాలంటే ముందు ఒక బకెట్ చన్నీళ్లు వదలాలి. అవి మల్లె చెట్టుకు పోస్తున్నాం.

జమ్మికుంట దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో పనిచేసే తమ్ముడు దీన్ని చూసి "అక్కా, మా మిల్లుకు పనికొస్తదా?" అన్నాడు. వడ్లు ఉడికించడానికి ఆవిరి కావాలి, ఇది అంత వేడి ఇవ్వదు. బాయిలర్‌లోకి పోయే నీళ్లను ముందే వేడిచేస్తే మాత్రం ఆ మేరకు బాయిలర్‌లో కాల్చే ఊక మిగులుతుంది.

అటక మీద పాత చీరల్లో చుట్టి రెండు గొట్టాలు ఎప్పుడూ ఉంచుతాను. 58 మిల్లీమీటర్ల లావు, 1800 పొడవు అని గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టాను. కోతులు మళ్లీ వస్తాయి.