విండిల్‌షామ్ హౌస్: చిన్నపిల్లల వసతి బడిపై ఒక సమీక్ష

ఇంగ్లండులోని వెస్ట్ ససెక్స్‌లో, వాషింగ్టన్ అనే పల్లె దగ్గర, సౌత్ డౌన్స్ కొండల చెంత ఉన్న విండిల్‌షామ్ హౌస్ ఒక ప్రిపరేటరీ వసతి పాఠశాల. పదమూడేళ్లకు పెద్ద పబ్లిక్ స్కూళ్లలో, అంటే అక్కడి పేరున్న ప్రైవేటు ఉన్నత పాఠశాలల్లో, చేరబోయే పిల్లలను అంతకు ముందే చేర్చుకుని, తన దగ్గరే ఉంచుకుని చదివించే బడి ఇది. ఇలాంటి బడిని భవనాలనూ మైదానాలనూ చూసి కాక, చరిత్రను చూసి అంచనా వేయాలని నా అభిప్రాయం.

దీన్ని 1837లో ఐల్ ఆఫ్ వైట్ దీవిలో ప్రారంభించినవారు నౌకాదళ లెఫ్టినెంట్ చార్లెస్ రాబర్ట్ మాల్డెన్. లండన్‌లో మరణించిన హవాయి రాజు, రాణిల భౌతికకాయాలను 1825లో స్వదేశానికి చేర్చిన బ్లాండ్ అనే యుద్ధనౌకలో ఆయన సర్వేయరు. ఆ ప్రయాణంలోనే పసిఫిక్‌లో కనిపించిన ఒక దీవికి ఆయన పేరు పెట్టారు. ఆ కాలపు పబ్లిక్ స్కూళ్లలో పసివాళ్లు కూడా పెద్ద కుర్రాళ్ల మధ్యే ఉండి, వారికి ఊడిగం చేస్తూ దెబ్బలు తినవలసి వచ్చేది. ఆ వయసు పిల్లలకు వేరే చోటు చూపిన తొలి బడుల్లో ఇది ఒకటి కావడం చిన్న విషయం కాదు.

బడి తర్వాత బ్రైటన్‌కూ, 1913లో పోర్ట్‌స్లేడ్‌కూ, చివరికి 1934లో ఇప్పుడున్న హైడెన్ భవనానికీ మారింది. చోటు మారినా నిర్వహణ తరతరాలుగా మాల్డెన్ కుటుంబం చేతుల్లోనే సాగింది.

ఈ వ్యవస్థ మొత్తానికీ ఉన్న చీకటి కోణాన్ని మాత్రం దాచకూడదు. భారతదేశంలో కొలువులు చేసిన ఆంగ్లేయులు ఏడెనిమిదేళ్ల పిల్లలను ఇలాంటి బడుల్లో వదిలి, ఏళ్ల తరబడి చూడకుండా గడిపేవారు. ఇంటి నుంచి వెంట వచ్చిన తినుబండారాలను దాచుకునే చెక్కపెట్టె, అంటే టక్ బాక్స్, ఒక్కటే ఆ పిల్లవాడి సొంత ఆస్తి. ఆదివారం ఇంటికి ఉత్తరం రాయడం తప్పనిసరి. అయితే చాలా బడుల్లో దాన్ని ముందుగా ఉపాధ్యాయుడు చదివేవారు కనుక, బెంగ పెట్టుకున్నానని రాసే ధైర్యం ఎందరికుంటుంది? ఇంగ్లండులోని ప్రైవేటు బడుల్లో బెత్తం దెబ్బలను చట్టం పూర్తిగా నిషేధించింది 1999లోనే. 1892లో ఈ బడుల ప్రధానోపాధ్యాయులు తొలిసారి సమావేశమైంది చిన్నపిల్లల క్రికెట్‌కు తగిన కొలతలు తేల్చుకోవడానికి. పిల్లల బెంగ గురించి కూడా అంత త్వరగా కూర్చుని మాట్లాడుకుని ఉంటే బాగుండేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అందుకే 1967లో విండిల్‌షామ్ అమ్మాయిలను చేర్చుకోవడానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మగపిల్లలకే పరిమితమైన ఆ లోకంలో అది సాహసం. అక్కాతమ్ముళ్లు ఒకే బడిలో పెరిగే అవకాశం దానివల్లే వచ్చింది. ఫీజుల మీద 2025 జనవరి నుంచి 20 శాతం వ్యాట్ కూడా పడుతున్నందున ఇది కలిగినవారి బడే. ఆ ఖర్చు భరించగలవారు సైతం, పిల్లలు తమంతట తాము ఇష్టపడితేనే వసతిలో చేర్చాలి.