వేల్స్ కొండల్లో పాత రాతి ఇల్లు: ఏడు చలికాలాలు ఉండి చూశాక

ముందే చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ ఇంటి ఓనర్లు ఇందులో ఉండరు. అదే పొలంలో, నూరు గజాల అవతల, ఈమధ్య కాలంలో కట్టుకున్న బంగళాలో వెచ్చగా ఉంటారు. అద్దెకు దిగేటప్పుడు దాని అర్థం నాకు తట్టలేదు. మొదటి జనవరిలో తట్టింది.

ఉత్తర వేల్స్‌లో, కొన్వి లోయ పక్క కొండవాలు మీద ఉంది ఈ ఇల్లు. ఉద్యోగం కోసం వచ్చి, టౌనులో ఇల్లు దొరక్క, ఒక్క ఏడాదికని దిగాం. ఇప్పుడు ఏడో చలికాలం నడుస్తోంది.

నాలుగు వందల ఏళ్ళనాటిదని ఇంటివాళ్ళు అంటారు. పోలిక చూస్తే నమ్మొచ్చు. ఈ తరహాను, ఇక్కడి కొండప్రాంతం పేరు మీద, స్నోడోనియా ఇళ్ళు అంటారు, 16వ శతాబ్దంలో పుట్టిన పద్ధతి. అంతకుముందు ఇళ్ళలో హాలు నడుమ నేల మీదే మంట వేసేవారు. పొగ పైకి లేచి కప్పు సందుల్లోంచి పోయేది, అందుకని పైన గది కట్టే వీలుండేది కాదు. మంటను చివరి గోడలోకి నెట్టి చిమ్నీ కట్టాక పై అంతస్తు వచ్చింది. పొయ్యి పక్కనే, గోడ మందంలోంచి మెలికలు తిరుగుతూ రాతి మెట్లు. ఎదురెదురుగా రెండు తలుపులు, వాటి మధ్య నడవ. నడవకు ఒక పక్క హాలు, రెండో పక్క రెండు చిన్న గదులు. మా ఇంటి నక్షా అంతే.

ఇలాంటి ఇళ్ళు కట్టే డబ్బు ఎక్కడిదంటే, చరిత్రకారులు 1536, 1542 చట్టాల దగ్గరికి తీసుకెళ్తారు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ వాటితో వేల్స్‌ను ఇంగ్లండు చట్టం కిందికి తెచ్చాడు. అప్పటిదాకా కొడుకులందరికీ సమానంగా ముక్కలయ్యే భూమి, ఆ తర్వాత పెద్దకొడుకు చేతిలో నిలవడం మొదలైంది. కమతాలు పెరిగాయి, కాస్త గట్టివాళ్ళు రాతి ఇళ్ళు లేపారు. కార్డిఫ్ దగ్గర సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో 1544 నాటి ‘గారెగ్ వౌర్’ అనే ఇల్లుంది. వైన్‌వౌర్ ఊరి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. దాంట్లోకి అడుగుపెట్టగానే మావాడు “మన ఇల్లే” అన్నాడు. ఒకటే తేడా, అక్కడ ఎవరూ తడిబట్టలు ఆరెయ్యరు.

ఇక గోడలు. రెండున్నర అడుగుల పైనే మందం. చూసి, ఇంత లావు గోడకు చలి ఎక్కడ దూరుతుందని మురిసిపోయాను. తప్పు. గట్టి రాయి చలిని ఆపదు, దాచుకుంటుంది. రెండు రోజులు ఊరెళ్ళి వస్తే హాలులో 9 డిగ్రీలు, మళ్ళీ మనుషులు ఉండేలా కావడానికి రెండు రోజులు. వైఫై మాత్రం ఈ గదిలోంచి ఆ గదిలోకి పోదు.

గోడ నిజానికి ఒకటి కాదు, రెండు. లోపలొక వరుస, బయటొక వరుస, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. అక్కడక్కడా రెంటినీ పట్టి ఉంచే పొడుగు రాళ్ళు. ఈ కొండల్లో ఏడాదికి మూడు మీటర్లకు పైగా వాన పడే చోట్లున్నాయి, కాబట్టి గోడలోకి నీరు చేరక మానదు. చేరిన నీరు తిరిగి బయటికి పోవాలి. పాతకాలపు సున్నపు గార, పైన వెల్ల, ఆ దారి ఇచ్చేవి. మా ఇంటికి 1970లలో ఎవరో మేస్త్రీ బయటంతా సిమెంటు పూశాడు. సిమెంటు బీటలిచ్చింది, బీటల్లోంచి నీరు దిగింది, ఎండే దారిలేక లోపలికి తిరిగింది. పడకగది మూలన నల్లటి బూజు, సూట్‌కేసులో పెళ్ళిచీరకు మచ్చలు. గాలిలో తేమ లాగే మెషీన్, డీహ్యూమిడిఫైయర్, రోజుకు నాలుగు లీటర్లు పట్టేది.

నాలుగో ఏట ఇంటి ముందువైపు గోడకున్న సిమెంటును కొట్టి తీయించారు. అప్పుడు బయటపడింది: గోడలో దిగిన ఓక్ దూలం కొస స్క్రూడ్రైవర్ పెడితే దిగబడింది. కుళ్ళినంత మేర కోసి, కొత్త ఓక్ అతికారు. మిగతా దూలం ఇనుములా గట్టిగానే ఉంది. సిమెంటు బదులు పూయడానికి సున్నం కలుపుతుంటే ఆ వాసనకి కర్నూలు వైపు మా తాతగారి మిద్దె గుర్తొచ్చింది. అక్కడా అంతే, రాయి, మట్టి, గానుగ సున్నం. ఈ పనివాడికి గానుగెద్దు గురించి చెబితే పని ఆపి విన్నాడు. రెండు వేసవులు దాటాక ఆ గోడ వైపు బూజు లేదు, మెషీన్ ఒక్క లీటరు పట్టి ఊరుకుంటోంది.

పొయ్యి గూడు, వెల్ష్‌లో ‘సిమ్‌దె వౌర్’, నలుగురం లోపల నిలబడొచ్చు. మొదటేడు ముచ్చటకని ఆదివారాలు వెలిగించేవాళ్ళం. బంగళాలోని పెద్దావిడ చూసి, “వారానికోసారి కాదమ్మా, అక్టోబరులో వెలిగించి ఏప్రిల్‌లో ఆర్పాలి” అన్నారు. ఆమెది అక్షరాలా నిజం. మంట చిమ్నీ గోడను వెచ్చబరుస్తుంది, తడిగాలిని పైకి లాగేస్తుంది. ఇప్పుడు గూట్లో కట్టెల స్టవ్ ఉంది, రోజూ మండుతుంది. కట్టెల ఖర్చు, ఇల్లు వెచ్చబరిచే ఆయిల్ ట్యాంకు ఖర్చు కలిపితే అద్దెలో చవక అనుకున్నదంతా పోతుంది, లెక్క వేసుకుని దిగండి.

కిటికీలకు డబుల్ గ్లేజింగ్ పెట్టించుకుందామనుకుంటే, ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో రెండో గ్రేడు. అనుమతి లేనిదే లోపలి చెక్క కూడా మార్చకూడదు. లోపలివైపు ఇంకో అద్దం, మందపాటి కర్టెన్లతో సరిపెట్టుకున్నాం. తలుపులు పొట్టివి, మా వారి నుదుటికి తెలుసు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఉత్తరం వైపు చిన్నగది. ‘బుత్రి’ అంటారు, ఒకప్పుడు పాలు, వెన్న ఉంచేవారు. పలకరాయి అరుగు, ఎండ పడదు, ఆగస్టులో కూడా చల్లదనం తగ్గదు. మా ఆవకాయ జాడీలు ఆ అరుగు మీదే. ఏడాదిన్నర దాటినా ముక్క మెత్తబడలేదు. ఫ్లాట్‌లో ఉన్నప్పుడు ఇంత బాగా ఎన్నడూ నిలవలేదు.

వెనక గోడకు సిమెంటు ఇంకా అలాగే ఉంది. సున్నం పని గడ్డకట్టే చలిలో చేస్తే రాలిపోతుంది కాబట్టి మే నెలలో దాన్ని తీయించి సున్నం పూయిస్తామన్నారు పెద్దావిడ. లీజు ఇంకో రెండేళ్ళు రాయించుకున్నాం.