ఎముకలు గుల్లబారినవాళ్లకి పన్ను ఊడితే ఏది మేలు: ఇంప్లాంటా, బ్రిడ్జా, కట్టుడు పన్నా?

ఎముక గట్టిదనాన్ని కొలిచే టీ స్కోరు మైనస్ 2.5కి దిగిందనగానే "ఎముకే గుల్లయితే స్క్రూ ఎక్కడ నిలుస్తుంది?" అని ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కానీ ఆస్టియోపోరోసిస్ (ఎముక గుల్లబారడం) ఉన్నంత మాత్రాన ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ, పనికిరాదని కాదు. మెత్తటి ఎముకకి టైటానియం అతుక్కోడానికి టైం పడుతుంది కాబట్టి, పైన పన్ను బిగించేముందు మరికొన్ని నెలలు ఆగుతారు.

అసలు తిరకాసు మందులతో. వారానికో అలెండ్రోనేట్ మాత్ర, ఏడాదికోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్, ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ ఇంజెక్షన్: ఇవన్నీ ఎముక అరుగుదలని ఆపుతాయి, దాంతోపాటే పాత ఎముక పోయి కొత్తది రావడమూ మందగిస్తుంది. కోసినచోట చిగురు మానక దవడ ఎముక బయటపడే ప్రమాదం అక్కడుంది. మాత్రలు వాడేవాళ్లలో ఇది పదివేల మందికి ఐదుగురిని మించదని అమెరికాలోని నోటి, దవడ సర్జన్ల సంఘం 2022లో లెక్కగట్టింది. క్యాన్సర్ కోసం ఇలాంటి మందులే పెద్ద డోసుల్లో తీసుకునేవాళ్లకి ముప్పు చాలా రెట్లు ఎక్కువ. వాళ్లు ఇంప్లాంట్ మాట మరచిపోవడమే మంచిది.

బ్రిడ్జ్ అంటే పక్క పళ్లని అరగదీసి, వాటి ఆసరాతో బిగించే పన్ను. దానికి ఎముక ముట్టుకోనక్కర్లేదు. పక్క పళ్లకి ముందే రూట్ కెనాల్, క్యాప్ అయి, వేళ్లు గట్టిగా ఉంటే నేనైతే రెండో ఆలోచన లేకుండా బ్రిడ్జే అంటాను. శుభ్రంగా ఉన్న పళ్లయితే మనసొప్పదు. అరగదీసిన పన్ను రేపు పుచ్చితే పీకాలి, దవడ ఎముక మానకపోవడం ఎక్కువగా మొదలయ్యేది పన్ను పీకిన చోటే.

తీసిపెట్టుకునే కట్టుడు పళ్ల సెట్టు చవక, కోత లేదు. అయితే దవడ గట్టు అరిగినచోట అది కదిలి చిగురుని ఒరుసుకుంటుంది. ఈ మందులు వాడేవాళ్లకి ఆ పుండే ఎముకదాకా పోవచ్చు. రాత్రి తీసేయాలి, వదులైతే వెంటనే సరిచేయించాలి.

కాబట్టి మాత్రలు మొదలెట్టి ఎక్కువ కాలం కాకపోతే, పక్క పళ్లు బాగుంటే, నా ఓటు ఇంప్లాంట్‌కే. సిగరెట్, అదుపులో లేని షుగర్ ఉంటే ముందు వాటి సంగతి చూడాలి.

డెంటిస్ట్ "మందులేమైనా వాడుతున్నారా?" అంటే మనవాళ్లు బీపీ, షుగర్ చెప్పి ఊరుకుంటారు. ఎప్పుడో వేయించుకున్న ఇంజెక్షన్ వాళ్ల లెక్కలో మందే కాదు. ఆ తేదీ చెప్పాల్సిందే. అలాగని డెనోసుమాబ్‌ని సొంతంగా ఆపేయకూడదు, ఆపితే వెన్నుపూసలు విరిగే ముప్పుంది. పాత డోసు పడిన మూడు నాలుగు నెలలకి పంటి పని పెట్టుకుంటే, తర్వాతి డోసులోపు చిగురు మానుతుంది.